గడి తలుపులు ఎవరి కోసం తెరవాలి?

ఊరిలో ఒక పాత ఇల్లు కూలిపోతే ఎవరూ ఫిర్యాదు చేయరు. దూలాలు అమ్ముడుపోతాయి. రాళ్లు ఎవరి ప్రహరీకో చేరుతాయి. రెండు వానాకాలాలు గడిచేసరికి అక్కడ తుమ్మచెట్లు మొలుస్తాయి. తెలంగాణ పల్లెల్లో ఎన్నో గడీలకు, భవంతి ఇళ్లకు పట్టిన గతి ఇదే. వీటిని బాగుచేసి, అతిథులకు విడిదిగా మార్చి కాపాడుకోవచ్చునన్న ఆలోచన కొంతకాలంగా వినిపిస్తున్నది. ఆలోచన మంచిదే. అయితే ఆ తలుపులు ఎవరి కోసం తెరుచుకోవాలన్నది ముందుగా తేల్చుకోవలసిన ప్రశ్న.

ఈ విషయంలో ఇటలీ అనుభవం గమనించదగినది. 'విల్లా' అనే లాటిన్ మాటకు మొదటి అర్థం పొలం నడుమ ఉండే భూస్వామి ఇల్లు. ఇటలీలోని టస్కనీ ప్రాంతంలో శతాబ్దాల పాటు పంటలో సగం యజమానికి ఇచ్చే పాలు పద్ధతి సాగింది. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత రైతు కుటుంబాలు పట్టణాలకు తరలిపోగా రాతి ఇళ్లు పాడుబడ్డాయి. 1964లో అక్కడి ప్రభుత్వం కొత్తగా పాలు ఒప్పందాలు చేసుకోవడాన్ని నిషేధించింది. 1985లో వచ్చిన మరొక చట్టం రైతు తన ఇంటిలోనే అతిథులకు బస, భోజనం ఏర్పాటు చేయడానికి మార్గం చూపింది. వ్యవసాయమే ప్రధాన వృత్తిగా కొనసాగాలన్నది అందులోని నియమం. అందువల్ల పాత ఇంటితోపాటు పొలమూ నిలిచింది. అయినా అన్ని ఇళ్లూ రైతుల చేతుల్లో మిగలలేదు. ఎన్నింటినో దూరదేశాల ధనికులు కొని విలాస భవనాలుగా మార్చుకున్నారు. ఒకే ప్రాంతంలో రెండు దారులూ కనిపించాయి. మనం ఎంచుకోవలసింది మొదటి దారి.

మన గడీల కథ ఇంకా సంక్లిష్టమైనది. ఎత్తైన గోడలు, టేకు స్తంభాలు, నడుమ విశాలమైన భవంతి, చుట్టూ అర్రలు చూసేవారికి ముచ్చటగొలుపుతాయి. కాని ఆ గోడలకు రాళ్లు మోసినవారిలో వెట్టివారు ఉన్నారు. అదే ముంగిట రైతులు చేతులు కట్టుకొని నిలబడ్డారు. పాత కరీంనగర్ జిల్లాలో 1978 సెప్టెంబరు 7న జరిగిన జగిత్యాల జైత్రయాత్ర తరువాత ఎందరో దొరలు ఊళ్లు విడిచారు. గడీలకు తాళాలు పడ్డాయి. కనుక గడి శిథిలం కావడాన్ని కొందరు న్యాయమైన ముగింపుగానే భావిస్తారు. ఆ భావనను తేలికగా తోసిపుచ్చలేము. అయితే గడి కూలిపోతే దొర పెత్తనానికి ఉన్న సాక్ష్యం కూడా కూలిపోతుంది. సాక్ష్యం లేని బాధను తరువాతి తరం కట్టుకథగా భావించే ప్రమాదం ఉన్నది.

బొగ్గుగనుల ప్రాంతంలో ఈ ప్రశ్నకు తొందర మరింత ఎక్కువ. 1889లో ఇల్లెందు వద్ద మొదలైన తవ్వకాలు 1960ల తొలి సంవత్సరాల్లో గోదావరి తీరానికి చేరాయి. గోదావరిఖని పేరులోనే గని ఉన్నది. భూగర్భ గని పక్కన నడిచినా ఊరు మిగిలేది. ఓపెన్‌కాస్టు గనికి కొన్నిచోట్ల ఊరే కావలసి వస్తుంది. అప్పుడు గడీ, గుడిసే, గుడీ, బడీ ఒక్కసారే పోతాయి. నష్టపరిహారం లెక్కలో ఇంటి కొలతలు చేరుతాయి. ఆ ఇంటి అరుగు మీద జరిగిన పంచాయితీలు, పెళ్లిళ్లు చేరవు. దేశానికి విద్యుత్తు కావాలి, బొగ్గూ కావాలి. అందుకోసం ఊరు ఖాళీ చేసేవారి జ్ఞాపకాలను భద్రపరచడం ఆ వెలుగును అనుభవించే అందరి బాధ్యత.

పునరుద్ధరణ మనకు అసాధ్యమేమీ కాదు. కామారెడ్డి జిల్లాలోని దోమకొండ కోట పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారం లభించింది. ఇటువంటి పనికి ధనంతోపాటు పాత పనితనం కావాలి. డంగుసున్నంతో కట్టిన గోడకు సిమెంటు పూస్తే లోపలి తేమ బయటికి పోలేక గోడ పెచ్చులూడుతుంది. సున్నం గానుగ పట్టడం, బెల్లం, కరక్కాయ నీళ్లు కలిపి గచ్చు చేయడం తెలిసిన మేస్త్రీలు క్రమంగా తగ్గిపోతున్నారు. ఒక గడిని సరైన పద్ధతిలో బాగుచేస్తే ఆ విద్య మరొక తరానికి అందుతుంది. రామగిరి కోటను, మంథని వంటి ప్రాచీన పట్టణాన్ని చూడవచ్చే యాత్రికులు సమీపంలోని పల్లెలో ఒక రాత్రి గడపగలిగితే అక్కడి వారికి నాలుగు రూకలు దక్కుతాయి.

అయితే ఇందుకు కొన్ని షరతులు ఉండాలి. బాగుచేసిన గడిలో దొర చిత్రపటంతోపాటు వెట్టి చేసినవారి కథకూ చోటు ఉండాలి. వంట, మరమ్మతు, నిర్వహణ పనుల్లో మొదటి హక్కు ఆ ఊరివారికే దక్కాలి. వచ్చిన ఆదాయంలో కొంత గ్రామానికి చేరాలి. ఊరి పిల్లలు సంకోచం లేకుండా లోపల తిరగగలగాలి. ఈ షరతులు లేకపోతే పాత దొర స్థానంలో కొత్త అతిథి కూర్చుంటాడు, ఊరివారు మళ్లీ గడప బయటే నిలబడతారు.

గనికి పోక తప్పని ఊళ్లలోనైనా చేయగలిగింది ఉన్నది. ఇళ్లను కొలిచి పటాలు గీయవచ్చు. చెక్కడపు దర్వాజాలను, స్తంభాలను జాగ్రత్తగా విప్పి పునరావాస కాలనీలోని గ్రంథాలయానికో సమావేశ మందిరానికో అమర్చవచ్చు. పెద్దల మాటలను రాసి ఉంచవచ్చు. ఈ చివరి పనికి నిధులు అక్కరలేదు. ఒక నోటు పుస్తకం, తాత పక్కన కూర్చునే ఓపిక ఉన్న విద్యార్థి చాలు. ఊరు తరలిపోయే రోజుకు ముందే ఆ పని మొదలుకావాలి.