బీరువాలో మంచు, బయట అబద్ధం

పిల్లల మాయాలోకపు కథ అనగానే అందరూ ఆ లోకం గురించే మాట్లాడతారు. సి.ఎస్. లూయిస్ నవల ‘ది లయన్, ది విచ్ అండ్ ది వార్డ్‌రోబ్’ 1950లో వచ్చింది. దాని విషయంలోనూ అంతే. మాట్లాడే సింహం, తెల్ల మంత్రగత్తె, క్రిస్మస్ ఎప్పటికీ రాని చలికాలం. అవన్నీ నాకూ ఇష్టమే. కానీ ఈ కథకు ప్రాణం మాత్రం ఓ అన్న తన చెల్లెలి మీద ఆడిన అబద్ధంలో ఉంది.

అది యుద్ధకాలం. బాంబుల భయంతో లండన్ పిల్లల్ని పల్లెలకు పంపేస్తున్నారు. 1939లో ఆక్స్‌ఫర్డ్‌లోని లూయిస్ ఇంటికీ అలా కొందరు ఆడపిల్లలు వచ్చారు. నవలలో పీటర్, సూసన్, ఎడ్మండ్, లూసీ ఒక ముసలి ప్రొఫెసర్ ఇంటికి చేరతారు. వాన పడుతున్న రోజు, అందరికంటే చిన్నదైన లూసీ ఓ ఖాళీ గదిలో పెద్ద బట్టల బీరువా తెరుస్తుంది. రెండు కలరా ఉండలు కింద పడతాయి. వేలాడే బొచ్చుకోట్లను తోసుకుంటూ లోపలికి వెళుతుంటే కాళ్ల కింద ఏదో కరకరమంటుంది. ఇవీ కలరా ఉండలేనేమోనని వంగి తాకితే, చేతికి తగిలింది మంచు.

తిరిగొచ్చి చెబితే ఎవరూ నమ్మరు. మరోసారి ఎడ్మండ్ కూడా ఆమె వెనకాలే బీరువాలోంచి ఆ మాయాలోకం నార్నియాకు వెళతాడు. మంత్రగత్తె అతనికి టర్కిష్ డిలైట్ అనే మిఠాయి పెట్టి, నీ తోబుట్టువుల్ని తీసుకురా అంటుంది. బ్రిటన్‌లో 1942లో మొదలైన మిఠాయిల రేషన్ 1953లో గానీ పోలేదు. డబ్బా నిండా మిఠాయి అంటే అప్పటి పిల్లలకు ఎంత ఆశో! అందుకే ఆ కక్కుర్తిని నేను తప్పుపట్టను. మనసు కలచివేసేది ఆ తర్వాతి ఘట్టం. చిన్నన్న కూడా చూశాడు, ఇక అందరూ నమ్ముతారని లూసీ సంబరంగా వస్తుంది. అన్నా అక్కల ముందు ఎడ్మండ్ తేల్చేస్తాడు: ఊరికే ఆడుకున్నాం, అక్కడేమీ లేదు. లూసీ అతణ్ని ఒక్క చూపు చూసి గదిలోంచి వెళ్లిపోతుంది.

చెల్లికి మతి చెడిందేమోనని పీటర్, సూసన్ భయపడి ప్రొఫెసర్ దగ్గరికి వెళతారు. ఇద్దరిలో ఎవరి మాట నమ్మదగ్గది అని ఆయన అడుగుతాడు. ఇప్పటిదాకా అయితే లూసీ మాటే, అంటాడు పీటర్. అబద్ధాలాడే పిల్ల కాదు, పిచ్చిదీ కాదు. మరో రుజువు దొరికేదాకా ఆమె చెప్పింది నిజమనే అనుకోవాలి కదా అంటాడాయన. మన ఇళ్లలో చిన్నపిల్ల నమ్మలేని సంగతి చెబితే మనం ఆ ప్రశ్న అడగం. నోర్ముయ్, కట్టుకథలు చెప్పకు అంటాం. కొన్నిసార్లు ఆ పిల్ల మళ్లీ ఎప్పటికీ నోరు విప్పదు.

చివరికి నలుగురూ నార్నియా చేరతారు. ఎడ్మండ్ మంత్రగత్తె పక్షాన చేరాడని సింహం అస్లాన్‌కి తెలిశాక పీటర్ అన్న మాట నాకు చాలా గొప్పగా తోస్తుంది. నేను వాడి మీద కోప్పడ్డాను, అందులో నా తప్పూ ఉంది అంటాడు. ఎడ్మండ్‌ను విడిపించి తెచ్చాక అస్లాన్ అతన్ని పక్కకు తీసుకెళ్లి మాట్లాడతాడు. ఏం మాట్లాడాడో లూయిస్ మనకు చెప్పడు. జరిగిపోయిన దాని గురించి వాడితో ఎవరూ ఎత్తాల్సిన పనిలేదని మాత్రం మిగతావాళ్లతో అంటాడు అస్లాన్. ఎడ్మండ్ ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి క్షమించమంటాడు.

ఎడ్మండ్ కోసం అస్లాన్ చేసిన బలిదానం వెనక ఉన్న క్రైస్తవ విశ్వాసం గురించి చాలామంది రాశారు. సూసన్ గురించి మాత్రం ఒక మాట చెప్పాలి. ఈ కథల వరుసలో 1956లో వచ్చిన చివరి పుస్తకంలో లిప్‌స్టిక్కులూ మేజోళ్లూ సరదాలే లోకమైపోయాయని ఆమెను నార్నియాకు దూరం చేశాడు లూయిస్. అది అన్యాయం. ఎడ్మండ్‌కు దొరికిన క్షమ ఆ పిల్లకి ఆ పేజీల్లో దొరకలేదు.

మళ్లీ ఎడ్మండ్ సంగతికి వస్తే, అదే వరుసలో 1951లో వచ్చిన ‘ప్రిన్స్ కాస్పియన్’లో నలుగురూ దారి తప్పుతారు. అదుగో అస్లాన్, పైకి రమ్మంటున్నాడు అంటుంది లూసీ. మిగతా ఎవరికీ కనిపించడు. ఎటు వెళ్లాలో తేల్చుకోవాల్సి వస్తుంది. పీటర్, సూసన్ కిందికి వెళదామంటారు. తనకూ ఏమీ కనిపించకపోయినా, కిందటిసారి చెల్లి చెప్పిందే నిజమైంది, నమ్మకుండా అందరికంటే ఎక్కువ గొడవ చేసింది నేనేనంటూ ఎడ్మండ్ ఆమె వైపు నిలబడతాడు.