గూడు కట్టని తల్లి

మన నల్లగొండ, మహబూబునగరపు సీమలలో కృష్ణయొడ్డునకు పోయినవారు, నీటిమీద తేలియాడుచు తటాలున క్రిందికి దూకి చేపను ముక్కున కఱచుకొనిపోవు పక్షిని చూచియుందురు. దాని తోక కత్తెరవలె చీలియుండును, ముక్కు పసుపుపచ్చన. ఆంగ్లమున దీనిని టెర్న్ అందురు. మన టెర్న్ నదులను, చెఱువులను నమ్ముకొని యిచటనే బ్రతుకును. దీని జ్ఞాతియగు ఆర్కిటిక్ టెర్న్ మాత్రము సముద్రపక్షి; తెలిసినంతలో దానివలె ఏటేట అంతదూరము ప్రయాణించు ప్రాణి వేఱొకటి లేదు.

ఆ పక్షి బరువు సుమారు 100 గ్రాములు. ఉత్తరధ్రువప్రాంతమున వేసవిలో పిల్లలను పెంచి, చలి ముదురకముందే దక్షిణధ్రువసముద్రమునకు తరలిపోవును. అప్పుడచట వేసవి. ఇట్లు ఏటికి రెండు వేసవులు చూచును. గ్రీన్లాండు, ఐస్లాండులలో కొన్ని పక్షుల కాళ్లకు 1.4 గ్రాముల పరికరమును కట్టి శాస్త్రజ్ఞులు వాని త్రోవను కనుగొనిరి. 2010లో వెల్లడియైన లెక్కనుబట్టి ఏటి ప్రయాణము సగటున సుమారు 70,000 కిలోమీటర్లు! ముప్పది యేండ్లు బ్రతికిన పక్షి 21 లక్షల కిలోమీటర్లు తిరిగినదన్నమాట.

ఇంత తిరిగిన పక్షికి గూడు లేదు. మగపక్షి చేపను తెచ్చి ఆడుదానికిచ్చి చెలిమి చేయును. వట్టినేలపై చిన్నగుంట చేసి, ఒకటి మొదలు మూడు గ్రుడ్లుంచి, ఇరువురును వంతులవారిగ మూడు వారములకు పైగా పొదుగుదురు. పిల్లలు ఎగురుటకు మఱి మూడు నాలుగు వారములు. అంతవఱకు దగ్గఱకు వచ్చినవారి నెత్తిపై పొడుచుటకు వెనుదీయవు.

మన కృష్ణలోని టెర్న్ సంసారమును ఇట్టిదే. వేసవిలో నీరు తగ్గగా ఇసుకతిన్నెలపై గ్రుడ్లు పెట్టును. మచ్చలుగల ఆ గ్రుడ్లు గులకరాళ్లవలె నుండుటచే కంటికానవు. ఎండ మండినపుడు తల్లి పొట్టయీకలను నీట తడిపి వచ్చి కూర్చుండి వానిని చల్లబఱచును. కాని కుక్కలు, కాకులు, మనుష్యుల పాదములు, ఆనకట్టలనుండి హఠాత్తుగ వచ్చు నీరు, ఇన్నియు దానికి శత్రువులే. అందుచేతనే యీజాతి లోకమున తగ్గిపోవుచున్నది.

కావున సోదరీమణులారా, వేసవిలో పిల్లలతో నదీస్నానమునకు పోయినపుడు తిన్నెమీద పక్షులు తలచుట్టు తిరుగుచు అఱచినచో, అది కోపమని తలంపకుడు. అది తల్లి మొఱ. పిల్లల చేయి పట్టుకొని, వచ్చిన యడుగుజాడలలోనే మెల్లగా వెనుకకు మరలుడు. ఎండలో విడిచిన గ్రుడ్డు ఎక్కువసేపు నిలువదు. ఆ తల్లిని త్వరగా తిరిగి కూర్చుండనిండు.