కౌజు పిట్టకు తగిన దాణా: అల్ వక్రా తెలుగువారికి విజ్ఞప్తి

కతార్‌లోని అల్ వక్రాలో కౌజు పిట్టలు పెంచే ఇళ్లకూ, మజ్రాలనే ఫారాలకూ ఈ కరపత్రం చేసే విన్నపం ఒక్కటే. పావురాల గింజలు, రాత్రి మిగిలిన అన్నం, ఎండిన ఖుబ్బూస్ రొట్టె ముక్కలతో ఈ పిట్టలను నెట్టుకురావడం ఆపాలి. వాటి వయసుకు తగ్గ దాణా కొనాలి. అదీ నెలల తరబడి మూలన పడేసేంత కాదు. నలుగురైదుగురు కలిసి ఒక సంచి తెచ్చి, తాజాగా ఉండగానే పంచుకోవాలి.

గింజలు తినే పిట్టకు గింజలు చాలవా అని అడిగేవారున్నారు. అడవి కౌజు సంగతి వేరు. అది గింజలతో పాటు పురుగులనూ ఏరుకు తింటుంది, మేత దొరకని చోటు వదిలి పోతుంది. గూట్లో పెరిగేది జపాన్ కౌజు. 1974లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణం నుంచి భారతదేశానికి వచ్చి, తర్వాత ఇజ్జత్‌నగర్‌లోని కేంద్ర పక్షి పరిశోధన సంస్థ కృషితో మన రైతులకు దగ్గరైన జాతి ఇదే. పుట్టినప్పుడు ఏడెనిమిది గ్రాములుండే పిల్ల ఆరేడు వారాలకే గుడ్లకు వస్తుంది. కోడిగుడ్డు తల్లి బరువులో సుమారు మూడు శాతమైతే, కౌజు గుడ్డు ఏడెనిమిది శాతం ఉంటుంది. ఇంత తొందరగా ఎదిగి, అంత పెద్ద గుడ్డు దాదాపు రోజూ పెట్టే ఒంటికి ఉత్త గింజలు ఏ మూలకు?

అమెరికా జాతీయ పరిశోధన మండలి 1994లో ప్రచురించిన ప్రమాణాల ప్రకారం ఎదిగే కౌజు పిల్ల దాణాలో 24 శాతం మాంసకృత్తులు ఉండాలి, గుడ్లు పెట్టే పిట్టకు 20 శాతం. బియ్యంలో ఉండేది ఏడెనిమిది శాతం, మొక్కజొన్నలో ఎనిమిది తొమ్మిది, గోధుమలో పన్నెండు దరిదాపు. పైగా ఈ ధాన్యాల్లో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. కడుపు నిండుతుంది గానీ ఒళ్లు పట్టదు. ఈకలు సరిగా రావు, గుడ్లు ఆలస్యమవుతాయి.

కోళ్ల దాణా సంచి కనబడగానే ఇదైనా ఫరవాలేదనుకోవడం మరో పొరపాటు. గుడ్ల కోళ్ల దాణాలో మాంసకృత్తులు 16 నుంచి 18 శాతం, కాల్షియం మూడున్నర శాతానికి అటూ ఇటూ ఉంటాయి. కౌజు పిల్లకు కావలసిన కాల్షియం 0.8 శాతమే. అధికమైన కాల్షియం లేత మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. గుడ్లు పెట్టే కౌజుకు మాత్రం రెండున్నర శాతం కావాలి. అది అందకపోతే తన ఎముకల్లోంచి తీసి గుడ్డు పెంకుకు పోస్తుంది, చివరికి తోలుగుడ్లు పెడుతుంది. కౌజు దాణా దొరకనప్పుడు మాంసపు కోడిపిల్లలకు మొదట పెట్టే స్టార్టర్ దాణా దీనికి అన్నిటికన్నా దగ్గర. గుడ్లకు వచ్చిన పిట్టల ముందు ఆల్చిప్పల నూకను వేరే గిన్నెలో ఉంచితే, వాటికి కావలసినంత అవే తింటాయి.

కోడిపిల్లల కోసం చేసిన పలుకు కౌజు పిల్ల ముక్కుకు పెద్దది. మొదటి రెండు వారాలు ఆ దాణాను మిక్సీలో ఒక్క తిప్పు తిప్పి సన్నరవ్వలా చేసి పెట్టాలి. నీళ్ల పళ్లెంలో గోలీలు పరచాలి. గోలీల సందుల్లోంచి పిల్ల నీళ్లు తాగుతుంది, పడి మునగదు.

ఇక ఎండాకాలం. కతార్‌లో జూన్ నుంచి ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. రాస్ అబూ ఫొంటాస్‌లో సముద్రపు ఉప్పు తీసేసిన నీరైనా మిద్దె మీది ట్యాంకులో మధ్యాహ్నానికి కాగిపోతుంది. వేడినీళ్లు పిట్ట తాగదు, నీళ్లు తాగని పిట్ట మేత ముట్టదు. కూజాలోనో ఫ్రిజ్‌లోనో చల్లబరిచిన నీళ్లను పూటకు రెండుసార్లు మార్చాలి. దాణా తెల్లవారుజామున, మళ్లీ పొద్దువాలాక వేయాలి. టర్కీలోని ఫిరాత్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 34 డిగ్రీల వేడిలో ఉంచిన జపాన్ కౌజులకు సి, ఇ విటమిన్లు కలిపిన దాణా పెడితే ఎదుగుదల మెరుగుపడింది. జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 వరకు ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3.30 దాకా ఆరుబయట పని చేయించకూడదని 2021లో వచ్చిన కతార్ నిబంధన మజ్రా యజమానులకు తెలిసిందే. పిట్టకు మంచివైన మేత వేళలు మేత వేసే మనిషికీ మంచివే.

అన్నిటికన్నా భయపడాల్సింది బూజుకు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయాయి. బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్కలోని బూజు విషమే కారణమని తేలింది. దానికే అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టారు. మన చిత్తూరు జిల్లాలోనూ 1982లో ఈ విషం కోళ్లను పెద్ద ఎత్తున బలి తీసుకుంది. సముద్రపు ఒడ్డున ఉన్న అల్ వక్రాలో ఆగస్టు, సెప్టెంబరు ఉక్కపోతకు విప్పిన సంచి తేమ పీలుస్తుంది. పిడికెడు దాణా తీసి నలిపి చూడాలి. ఉండ కట్టినా, ముక్క వాసన వచ్చినా పారెయ్యాలి. ఎండబెడితే బూజు ఆరుతుంది గానీ విషం పోదు.

అందుకే కలిసి కొనడం. పెద్ద కౌజు రోజుకు 20 నుంచి 25 గ్రాములు తింటుంది. ఇరవై పిట్టలున్న ఇంట్లో 50 కిలోల సంచి మూడు నెలలకు పైగా మూలుగుతుంది. అలాంటి ఇళ్లు ఐదు కలిస్తే ఇరవై నుంచి ఇరవై ఐదు రోజుల్లో ఖాళీ అవుతుంది. తెలుగు సంఘాలు తమ పండుగ కలయికల్లో ఈ పంపకానికి ఒక బల్ల వేసి, వాట్సాప్‌లో పేర్లు రాసుకుంటే చాలు.

దుకాణదారులకూ ఒక మాట. సంచి విప్పి చిల్లరగా తూచి ఇచ్చేటప్పుడు మాంసకృత్తుల శాతం, కాల్షియం శాతం, తయారైన తేదీ ఒక చీటీ మీద రాసివ్వాలి. ఆ మూడూ తెలియకుండా కొన్నవాడు పిట్టకు ఏం పెడుతున్నాడో అతనికే తెలియదు. మజ్రా యజమానులకు మరో మాట. మజ్రాల్లో కొనే చెయ్యి వేరు, వేసే చెయ్యి వేరు. అరబ్బీలో, ఇంగ్లీషులో అచ్చయిన సంచి తెలుగు మాత్రమే చదవగల మనిషి చేతికి వస్తే ఆ అంకెలు వృథా. దాణా గది తలుపు మీద ఏ వయసు పిట్టకు ఏది, ఎంత, ఎప్పుడు అని తెలుగులో ఒక కాగితం అంటించడానికి యజమానికి అయ్యే ఖర్చు లేదు. పిట్ట నలతగా ఉందని ముందు గుర్తించేది మేత వేసే మనిషే. అతని మాట విని సంచి మార్చే పద్ధతి రావాలి.

మార్పు ఈ వారమే మొదలుపెట్టవచ్చు. ఒక్కసారిగా మారిస్తే పిట్టలు మేత మానేస్తాయి. ఇప్పుడు పెడుతున్నది బూజు లేనిదైతే అందులో పావు వంతు కొత్త దాణా కలిపి, రెండు రోజులకోసారి పెంచుతూ వారం పది రోజుల్లో పూర్తిగా మార్చాలి. తొట్లను గూటి లోపలే, పైన కప్పు ఉండేలా పెట్టాలి. బయట ఒలికిన దాణాకు గోరింకలు, పావురాలు చేరి రోగాలు మోసుకొస్తాయి.