కోడిపిల్లలిచ్చారు, గూడు మరిచారు

మద్దతు ధర, ఎరువుల కొరత, కౌలు గుర్తింపు కార్డుల గురించి మన సభల్లో గంటల తరబడి మాట్లాడుకుంటాం. పెరట్లో తిరిగే పది కోళ్ల గురించి మాత్రం ఎవరూ ఎత్తరు. అవి ఆడవాళ్ల వ్యవహారమని, చిల్లర సంపాదన అని ఒక చిన్నచూపు ఉంది. పత్తి డబ్బులు చేతికి రావడానికి ఆరు నెలలు పడుతుంది. ఈలోగా పిల్లవాడి పుస్తకాలకు, ముసలాయన మందులకు, సంత ఖర్చుకు ఆదుకునేది ఆ కోళ్లే. భూమి లేని కూలీ ఇంట్లోనైతే ఇంటి ఇల్లాలి పేరున ఉన్న ఆస్తి అదొక్కటే.

దేశం మొత్తం మీద చూసినా ఇది చిన్న లెక్క కాదు. 2019 పశుగణన ప్రకారం దేశంలో ఉన్న సుమారు 85 కోట్ల కోళ్లు, ఇతర పెంపుడు పక్షుల్లో దాదాపు 32 కోట్లు పెరటివే. 2012 గణనతో పోలిస్తే ఫారాల్లోని పక్షులు 5 శాతం కూడా పెరగలేదు, పెరటివి మాత్రం 45 శాతానికి పైగా పెరిగాయి. నాటుకోడికి, నాటు గుడ్డుకు పట్నంలో ఉన్న గిరాకీ మనందరికీ తెలిసిందే. అయినా ఆ లాభం ఇంటికి చేరకముందే చాలా ఇళ్లలో కోళ్లు మాయమవుతున్నాయి. కొక్కెర తెగులు కొన్నింటిని తీసుకుపోతుంది. దానికి టీకా ఉంది. మిగిలిన వాటిని గద్ద, ముంగిస, నక్క, బావురుపిల్లి, పందికొక్కు, ఊరకుక్క పంచుకుంటున్నాయి. ఆ నష్టం ఏ లెక్కలోకీ రాదు.

ఇందులో పథకాల పాత్ర కూడా ఉంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ వనరాజ, గ్రామప్రియ వంటి మేలు రకాలను పెరటి పెంపకం కోసమే తయారు చేసింది. నాటుకోడి ఏడాదికి యాభై, అరవై గుడ్లు పెడితే గ్రామప్రియ అంతకు రెట్టింపు పైగానే పెడుతుంది. మంచి రకాలే, సందేహం లేదు. అయితే ఈ పిల్లలు యంత్రంలో పొదిగినవి. వాటికి తల్లి ఉండదు. గద్ద నీడ కనబడగానే నాటుపెట్ట ఒక్క అరుపుతో పిల్లలన్నిటినీ రెక్కల కిందికి చేర్చుకుంటుంది, అవసరమైతే గద్ద మీదికే ఎగురుతుంది. యంత్రం పిల్లకు ఆ పాఠం చెప్పేవారు లేరు. వనరాజ బరువైన పక్షి కాబట్టి నాటుకోడిలా చటుక్కున కొమ్మ మీదికి ఎగరలేదు. అందుకే కనీసం నాలుగు నుంచి ఆరు వారాలు లోపల ఉంచి పెంచాకే బయటికి వదలాలని శాస్త్రవేత్తలు చెబుతారు. లోపల ఉంచడానికి ఆ ఇంట్లో గూడు ఉందా అని పిల్లలు పంచేటప్పుడు అడిగేవారు లేరు. పంపిణీ నాడు ఫొటో దిగుతారు. నెల తిరిగేసరికి ఇరవైలో ఎనిమిది మిగిలితే, ఆ పన్నెండు ముంగిసకు పెట్టిన మేతే కదా!

కోడి పోయిన కోపంలో మనవాళ్లు కొందరు చేస్తున్న పనులూ మాట్లాడుకోవాలి. మాంసం ముక్కల్లో పురుగుమందు గుళికలు కలిపి గట్ల మీద పెడుతున్నారు. దొడ్డి చుట్టూ కరెంటు తీగ చుడుతున్నారు. ఆ మాంసం నక్కే తింటుందన్న హామీ లేదు. కాపలా కుక్క తినవచ్చు, పక్కింటి కోడి పొడవవచ్చు, ఆడుకునే పిల్లవాడు ముట్టుకోవచ్చు. అడవి పందుల కోసం కట్టిన తీగ తగిలి రైతులే ప్రాణాలు పోగొట్టుకున్న ఘటనలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. పది కోళ్ల కోసం అలాంటి తీగ ఇంటి దగ్గరికి తెచ్చుకోవద్దు. పైగా నక్క, ముంగిస, బావురుపిల్లి, ఉడుము 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్నవి. చంపినా, ఉచ్చు పెట్టినా జైలు, జరిమానా తప్పవు. పొలం లెక్క కూడా చూడాలి. వరిచేలో ఎలుకలను, గాదె కింద పందికొక్కులను పట్టి తినేది ఆ ముంగిస, ఆ పిల్లి, ఆ పామే. వాటిని లేకుండా చేస్తే కోడి దక్కుతుందేమో గాని ధాన్యం పోతుంది.

కాబట్టి దారి గూడే. ముందు దొంగ ఎవరో తెలుసుకోవాలి. పట్టపగలు పిల్ల ఒక్కటే మాయమై, ఆనవాలు లేకపోతే అది గద్ద పనే అనుకోవచ్చు. పెద్ద కోడి పోయి, ఈకలు దారి పొడవునా రాలి ఉంటే నక్కను గాని, బావురుపిల్లిని గాని అనుమానించాలి. చాలా కోళ్లు చచ్చి, తినకుండా పడి ఉంటే కుక్కలు వచ్చినట్టు. గుడ్లు పెంకుతో సహా మాయమైతే పాము, నేలలో కన్నం కనబడితే పందికొక్కు.

రాత్రి దాడులకు మందు ఒక్కటే: సందె పడగానే కోళ్లన్నీ లోపలికి చేరాలి, గడియ పడాలి. గూడు నేలకు రెండు మూడు అడుగుల ఎత్తున కాళ్ల మీద ఉంటే మంచిది. పెద్ద కోడికి చదరపు అడుగు చొప్పున జాగా చాలు. బజారులో దొరికే పల్చని కోళ్ల జాలీ కోడిని లోపల ఆపుతుంది గాని కుక్కను, పిల్లిని బయట ఆపలేదు. అర అంగుళం కన్నాల గట్టి వెల్డింగ్ జాలీ వాడాలి. గూడు నేల మీదే కట్టుకుంటే ఆ జాలీనే అడుగు లోతు పాతి, అంచును బయటివైపు పరిస్తే తవ్వే జంతువు అక్కడే ఆగిపోతుంది. తలుపుకు తాడు ముడి కాక ఇనుప గడియ పెట్టాలి. గూడు చుట్టూ పొదలు కొట్టేయాలి. మిగిలిన మేత, పగిలిన గుడ్లు రాత్రి అక్కడ ఉంచకూడదు. పగలు గద్ద బెడదకు దొడ్లో తలదాచుకునే చోట్లు కావాలి. తడిక పందిరి, బోర్లించిన పాత మంచం, సొరపాదు పందిరి ఏదైనా సరే. మన పెద్దలు పిల్లల తల్లిని వెదురు గంప కింద మూసేవారు. నెలలోపు పిల్లలకు ఆ గంప ఇప్పటికీ పనికొస్తుంది.

వీటిలో రైతు చేయగలిగినవి ఉన్నాయి, ప్రభుత్వం చేయాల్సినవీ ఉన్నాయి. జాతీయ పశుధన మిషన్ కింద పెరటికోళ్ల హేచరీ, పిల్లల పెంపక కేంద్రం పెట్టే పారిశ్రామికులకు పెట్టుబడిలో 50 శాతం, గరిష్ఠంగా 25 లక్షల రూపాయల రాయితీ ఉంది. పిల్లలను తయారు చేసేవారికి ఇంత సాయం చేసినప్పుడు, వాటిని పెంచి బతికించాల్సిన ఇల్లాలికి నాలుగు కర్రలు, ఒక జాలీ ఇవ్వడానికి చేతులు రాకపోవడం ఏమిటి? గ్రామీణ ఉపాధి హామీ చట్టం వ్యక్తిగత పనుల జాబితాలో మేకల, పశువుల షెడ్లతో పాటు కోళ్ల షెడ్డునూ చేర్చింది. ఎంత ఊళ్లో ఎన్ని కట్టారో ఎవరికి వారు లెక్క చూసుకుంటే సంగతి తెలుస్తుంది. ఉపాధి పథకాల పేర్లు, రూపాలు ఎలా మారినా ఈ హక్కు చేజారకూడదు.

అందుకే సంఘం మూడు డిమాండ్లు ముందు పెడుతోంది. ప్రభుత్వం పంచే ప్రతి పెరటికోళ్ల యూనిట్‌తో పాటు రాత్రి గూడు కూడా ఇవ్వాలి, లేదా గూటి ఖర్చు ముందే చెల్లించాలి. నాలుగు వారాలు నిండని పిల్లలను ఇళ్లకు పంచకూడదు. మాంసం దుకాణాల వ్యర్థాలు ఊరి చివర పారబోయకుండా చూసే బాధ్యత, 2023 నిబంధనల ప్రకారం కుక్కలకు సంతాన నియంత్రణ ఆపరేషన్లు, టీకాలు వేయించే బాధ్యత పంచాయతీలు నెరవేర్చాలి, అందుకు నిధులు ప్రభుత్వం ఇవ్వాలి.

గ్రామ కమిటీలు ఈ నెల ఒక పని చేయాలి. ఇంటింటికీ వెళ్లి ఏడాదిలో ఎన్ని కోళ్లు పోయాయో, దేని వల్ల పోయాయో అక్కచెల్లెళ్లను అడిగి రాసుకోవాలి. ఆ కాగితం తీసుకుని రాబోయే గ్రామసభకు వెళ్లాలి, కోళ్ల షెడ్ల దరఖాస్తులు అక్కడే పెట్టించాలి. లెక్క చూపని నష్టానికి పరిహారమూ రాదు, పథకమూ రాదు.