అట్టపెట్టె మీది వేగం



రెండు చక్రాల పలక మీద నిలబడి నడిపే హోవర్‌బోర్డుల గురించి మీ పత్రికలో వేసిన వ్యాసాన్ని మా ఇంట్లో నాకంటే ముందు మా మనవడు చదివాడు. "మనది గంటకు 12 కిలోమీటర్లే తాతయ్యా, 16 వెళ్లేవి కూడా ఉన్నాయంట" అని మొహం చిన్నబుచ్చుకున్నాడు. అప్పటికింకా వాడి కుడిచేతికి పిండికట్టు విప్పలేదు. 40 ఏళ్లుగా మోటార్లకు వైండింగ్ చేసుకుని బతుకుతున్నవాణ్ణి. అందుకే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. స్కూటరుకు చెప్పినట్టు ఈ బోర్డులకు టాప్ స్పీడు చెప్పకూడదు.

స్కూటరు దాని హద్దు చేరితే, చెయ్యి ఎంత మెలితిప్పినా అంతకుమించి పోదు, అంతే. బోర్డు అలా కాదు. చిన్నప్పుడు అరచేతిలో కర్ర నిలబెట్టి నడిచాం కదా. కర్ర ముందుకు వాలితే చెయ్యి చటుక్కున దాని కిందికి ఉరకాలి. పిల్లాడు అప్పటికే శక్తికొద్దీ పరిగెత్తుతుంటే ఇంక ఉరికేదెక్కడ? కర్ర పడుతుంది. బోర్డు మీద ఆ కర్ర మనమే. మనల్ని ముందుకు లాగేదీ, పడకుండా కాచేదీ ఒకే మోటారు. అది వేగంగా తిరిగేకొద్దీ దానిలోనే ఎదురు వోల్టేజీ పుట్టి, తోసే బలం సన్నగిల్లుతుంది. చివరి అంచున లాగడానికి సరిపోతుందేమో గానీ, కాచుకోవడానికి ఏమీ మిగలదు.

ఆ అంచు కూడా ఒక్కచోట నిలవదు. 36 వోల్టులని రాసి ఉన్న బ్యాటరీ నిండుగా ఉంటే 42 చూపిస్తుంది, అడుగంటేసరికి 30 దగ్గరికి జారుతుంది. దాంతోపాటే వేగమూ దిగిపోతుంది. మావాడు సెల్లారులోంచి ర్యాంపు ఎక్కుతున్నాడు. బ్యాటరీ ఎర్రలైటు వెలిగింది, బోర్డు కుయ్‌కుయ్ మంది. వీడు ఇంకాస్త ముందుకు వంగాడు. మణికట్టు ఎముక చిట్లింది. వెనకాలే నేను నడుస్తున్నాను, పరిగెత్తడం లేదు. అంత నెమ్మది మీద పడ్డాడు.

పిల్లల దుడుకని కొట్టిపారేస్తారేమో (వాడికి దుడుకు లేదని నేననను). మరి పెద్దలు వాడిన సెగ్వే సంగతేమిటి? డీన్ కేమన్ 2001లో బయటపెట్టిన ఆ రెండు చక్రాల బండి వేగం గంటకు 20 కిలోమీటర్లే. బ్యాటరీ అయిపోవచ్చినప్పుడు మనుషులు పడుతున్నారని 2003లో అమెరికాలో సుమారు 6,000 బండ్లను రీకాల్ చేశారు. ఆ పాఠం అక్కడితో ఒంటబట్టలేదు. ఒకే చక్రం మీద నడిచే వన్‌వీల్ బోర్డులు హద్దు దాటితే కాచడం మానేస్తున్నాయని 2023లో సుమారు 3 లక్షల బోర్డులకు రీకాల్ ప్రకటించారు. 2019, 2021 మధ్య నలుగురు చనిపోయినట్టు ఫిర్యాదులు అందాకే ఇది జరిగింది. కొత్త మోడళ్లకు చేసిన మరమ్మతు ఏమిటో తెలుసా? హద్దు దగ్గరపడితే కాళ్ల కింద గరగరమని వణికే హెచ్చరిక! అంతకుముందున్న పాత మోడళ్లనైతే వాడకం ఆపి పారేయమన్నారు.

మన మోటారు వాహనాల నిబంధనలు 250 వాట్లు, 25 కిలోమీటర్లు దాటని బ్యాటరీ బండికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదంటాయి. హ్యాండిల్ పట్టుకుని కూర్చునే బండికి ఆ లెక్క సరిపోతుంది. తనంతట తాను నిలబడలేని పలకకు మాత్రం ఆ కొలత చాలదు.

కాబట్టి పెట్టె మీద వేయాల్సిన అంకె వేరే ఉంది. సగం చార్జింగుతో, ఇంత బరువున్న మనిషితో, ఏ వేగం దగ్గర హెచ్చరిక మొదలవుతుందో అది వేయాలి. మీవంటి పత్రికలు కూడా టాప్ స్పీడు పక్కన దాన్నీ అడిగి రాయాలి. నేను అడిగి చూశాను. కొన్న షాపుకే వెళ్లి, "బాబూ, ఇది ఎంత స్పీడు దగ్గర కూత పెడుతుంది?" అన్నాను. ఆ కుర్రాడు పెట్టె అటూ ఇటూ తిప్పి చూసి, "బ్లూటూత్ ఉంది సార్, పాటలు కూడా వస్తాయి" అన్నాడు.

— ఒక మోటారు మెకానిక్, తెనాలి