అట్టమీద లేని పేరు

కొన్ని నవలలు చేతిలో పట్టుకుంటే పొయ్యిమీద తిరగమోత మాడిపోయినా తెలియదు. ఈ వారం మీకు చెప్పబోయేది అటువంటి నవల సంగతే. 1970లో ఇంగ్లండులో అచ్చయింది. పేరు 'రాట్ రేస్', అంటే ఎలుకల పరుగుపందెం. రాసినవారు డిక్ ఫ్రాన్సిస్ అని అట్టమీద వుంది. ఇందులో గుర్రప్పందేలున్నాయి, ఆరుగురు కూర్చునే చిన్న విమానం వుంది, ఒక కుట్ర వుంది, ఆ కుట్ర మధ్యన చడీచప్పుడూ లేకుండా మొలిచిన ప్రేమ వుంది. పుస్తకం మూసేసరికి నేరం చేసినవాడెవడో తేలిపోయింది. కాని నాకు ఇంకొక అనుమానం మిగిలిపోయింది. అది నవలలోని మనుషుల గురించి కాదు. ఆ సంగతి తరవాత చెబుతాను. ముందు కథ వినండి.

మాట్ షోర్ విమాన చోదకుడు. ఒకప్పుడు పెద్ద కంపెనీలో పెద్ద పెద్ద విమానాలు నడిపినవాడే. ఉద్యోగం మీద ఉద్యోగం చెయ్యి జారిపోయింది. పెళ్ళాం విడాకులు పుచ్చుకుంది. చివరికి టాక్సీ విమానం నడిపే ఒక చిన్న కంపెనీలో చేరి, రోజులు దొర్లించుకొస్తున్నాడు. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడడు. మళ్ళీ ఎవరినీ దగ్గరకు రానివ్వకూడదని ఒట్టు పెట్టుకున్నట్టుంటాడు.

విమానంలో టాక్సీ ఏమిటి అనకండి. ఇంగ్లండులో గుర్రప్పందేలు ఒక వూళ్ళో జరిగేవి కావు. ఇవాళ ఉత్తరాన, రేపు దక్షిణాన. పేరున్న జాకీ మధ్యాహ్నం ఒక చోట గుర్రం ఎక్కి, సాయంత్రం మరొక చోట ఎక్కాలి. రోడ్డున పడిపోతే అయ్యే పని కాదు. అంచేత జాకీలూ, గుర్రాల యజమానులూ నలుగురైదుగురు కలిసి చిన్న విమానం మాట్లాడుకునేవారు. మాట్ నడిపేది పైపర్ కంపెనీవారి చెరోకీ సిక్స్. ఒకటే ఇంజను, ఆరు సీట్లు.

ఒకరోజు పందేలు చూసుకుని తిరిగి వస్తున్నారు. విమానం చేతిలో ఏదో తేడాగా వుందని మాట్‌కి అనిపించింది. ఇంజను బాగానే మోగుతోంది, ముల్లులన్నీ ఉండవలసిన చోటే వున్నాయి. అయినా తేడా. వెనక కూర్చున్న పెద్దమనుషులు విసుక్కుంటున్నా లెక్కచెయ్యకుండా, దారిలో వున్న వైట్ వాల్థమ్ అనే మైదానంలో దింపేశాడు. అందరూ దిగి నాలుగడుగులు నడిచారో లేదో, విమానం భళ్ళున పేలిపోయింది! దిగకపోతే ఆకాశంలోనే పేలేది.

ఆ 'తేడా' ఏమిటో మన పల్లెటూరివాళ్ళకి సులువుగా తెలుస్తుంది. ఎద్దుబండిలో బస్తాలన్నీ వెనక వేస్తే కాడి పైకి లేచి ఎద్దుల మెడలు పట్టేస్తుంది. అన్నీ ముందు వేస్తే ఎద్దులమీద మోపు పడుతుంది. చిన్న విమానమూ అంతే. ఎవరు ముందు కూర్చోవాలి, ఎవరు వెనక, పెట్టె ఎక్కడ పెట్టాలి అన్నది లెక్క ప్రకారం జరగాలి. మోపు తప్పితే నడిపేవాడి అరచేతికి ముందు తెలుస్తుంది. పెద్ద విమానంలో లెక్క కట్టేవారు వేరే వుంటారు. చిన్నదాంట్లో ఆ బాధ్యతంతా నడిపేవాడిదే. నవల రాసినవారికి ఈ విషయం పుస్తకాలు చదివి తెలిసింది కాదు, చేత్తో పట్టుకుని తెలిసిందే అని ఆ పేజీలు చదువుతుంటే నాకనిపించింది.

ఇక అక్కణ్ణుంచి ప్రశ్నలు. బాంబు ఎవరికోసం? ఆ విమానంలో వున్న కాలిన్ రాస్ ఇంగ్లండులో పేరుమోసిన జాకీ. అతన్ని చంపాలనా? లేక మిగతావారిలో ఒకరినా? అసలు చంపాలనే వుద్దేశమేనా? జవాబు చెప్పను. వారం వారం సీరియల్ కోసం కాచుకుని కూర్చునే మీకు ఆ మర్యాద వేరే నేర్పనక్కరలేదు.

కాలిన్‌కి నాన్సీ అని ఒక చెల్లెలు. మిడ్జ్ అనే ఇంకో చెల్లెలికి రక్తంలో కేన్సరు. బతకదని ఇంట్లో అందరికీ తెలుసు, ఆ అమ్మాయికీ తెలుసు. అయినా ఆ ఇంట్లో ఏడుపు వినపడదు. భోజనాలూ, వేళాకోళాలూ, తోటలో కబుర్లూ సాగుతూనే వుంటాయి. తన గుండెకు తాళం వేసుకున్న మాట్ ఆ ఇంటికి ఒక పూట అతిథిగా వెళ్ళి, తాళంచెవి అక్కడే మరిచిపోయి వస్తాడు. పోటీకి పొడుగు జుట్టు వేసుకున్న చిత్రలేఖనం మేష్టరొకడున్నాడు. అతని మాటలకు నవ్వొస్తుంది గాని భయం వెయ్యదు.

నాన్సీకి విమానం నడపటం వచ్చు. నవలకి ఆయువుపట్టు ఇదే. మనం చదివిన కథల్లో నాయకుడు విమానం నడుపుతాడు, నాయిక పక్కన కూర్చుని కళ్ళు మూసుకుంటుంది. ఇక్కడ నాయిక అన్నగారిని ఎక్కించుకుని తనే బయలుదేరింది. కింద మేఘాలు దుప్పటిలా కమ్ముకున్నాయి. అంతలో రేడియో చచ్చిపోయింది. ఎవరో కావాలని చేసిన పని.

అందులో అంత ప్రాణాపాయం ఏముంది, మెల్లిగా మేఘంలోంచి కిందికి దిగిపోతే సరిపోదా అని నేనూ అనుకున్నాను. సరిపోదట. మన చెవి లోపల నీళ్ళతో నిండిన సన్నని గొట్టాలున్నాయి. మనిషి ఏ పక్కకి ఒరిగాడో చెప్పేవి అవే. కాని ఒకే తీరున కొంతసేపు తిరుగుతుంటే ఆ నీళ్ళూ తిరగటానికి అలవాటుపడి, నిటారుగానే వున్నావని అబద్ధం చెబుతాయి. బయట నేలా నింగీ కలిసే గీత కనబడుతుంటే కన్ను ఆ అబద్ధాన్ని దిద్దుతుంది. మేఘంలో ఆ గీత వుండదు. ముల్లుల్ని మాత్రమే నమ్మి నడపటం వేరే నేర్చుకోవలసిన విద్య. అది రానివారు ఎంతసేపు నిలుస్తారో 1954లో అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంవారు పరీక్షించి చూశారు. ఇరవైమందిని తీసుకుంటే ఇరవైమందీ అదుపు తప్పారు. సగటున 178 సెకండ్లు. అంటే మూడు నిమిషాలు నిండలేదు; మన కాఫీ డికాక్షను దిగేటంత సేపు కూడా కాదు!

నాన్సీకి ఆ విద్య లేదు. పైన ఎండ, కింద తెల్లటి దుప్పటి, ట్యాంకులో పెట్రోలు తరిగిపోతోంది, పక్కన అన్న. సంగతి తెలిసిన మాట్ తన విమానం తీసుకుని ఆ మేఘాలపైకి వెళ్ళి, రాడారువారి సాయంతో ఆమెను వెతుక్కుంటూ పోతాడు. కనబడ్డాక పక్కకు చేరి, నా వెనక రా అని చెప్పాలి. ఎలా చెప్తాడు? రేడియో లేదు కదా! ఆమె అతన్ని నమ్మి, రెక్కకు రెక్క ఆనించినంత దగ్గరగా, ఏమీ కనబడని ఆ తెలుపులోకి వెంట దిగాలి. నన్నడిగితే ఆ నవలలో ప్రేమ సన్నివేశం అదే. ఒక్క మాట లేదు, చెయ్యీ చెయ్యీ తగలలేదు.

లోపాలు లేవని కాదు. నాయకుణ్ణి పట్టుకుని చావగొట్టించటం ఈ రచయితకు సరదా. దాదాపు ప్రతి నవలలోనూ పాపం వాడి ఒళ్ళు హూనం కావలసిందే. పందేల పరిభాష కూడా మనకు కొరుకుడు పడదు. మన ఇళ్ళలో గుర్రప్పందేల మాటెత్తితే పెద్దవాళ్ళు చెవులు మూసుకునేవారాయె! ఆ పేజీలు తిప్పేసినా కథకేమీ నష్టం లేదు.

దీనికి నాలుగేళ్ళ ముందే, 1966లో, ఇదే పేరుమీద 'ఫ్లయింగ్ ఫినిష్' అని ఇంకొకటి వచ్చింది. అందులో హెన్రీ గ్రే అనే జమీందారు బిడ్డ గుమాస్తా ఉద్యోగం విసుగెత్తి, విమానాల్లో గుర్రాలను దేశదేశాలకు చేరవేసే కంపెనీలో చేరతాడు. మిలాన్ విమానాశ్రయంలో బహుమతుల దుకాణం నడిపే గాబ్రియెల్లాను చూసీ చూడగానే ప్రేమిస్తాడు. ఆమెకు ఇంగ్లీషు రాదు, ఇతనికి ఇటాలియన్ రాదు. ఇద్దరికీ వచ్చిన ఫ్రెంచిలో మాట్లాడుకుంటారు. చివరకు, సరదాకి చిన్న విమానం నేర్చుకున్న ఆ కుర్రవాడు నాలుగింజన్ల విమానాన్ని రాత్రివేళ ఒంటరిగా నడుపుకు రావలసి వస్తుంది. ఒక్క బిగిన చదివించే కథ.

ఇప్పుడు నా అనుమానం సంగతి. డిక్ ఫ్రాన్సిస్ అంటే ఎవరు? జాకీ. 1953–54 సీజనులో ఇంగ్లండుకంతటికీ మొదటివాడు. 1956లో గ్రాండ్ నేషనల్ పందెంలో రాజమాతగారి గుర్రం డెవన్ లాక్ మీద అందరికంటె ముందుండి, గెలుపు గీత యాభై గజాల్లో వుందనగా, ఆ గుర్రం ఉన్నట్టుండి కాళ్ళు బార్లా చాచి కూలబడింది. ఎందుకో తేలలేదు. మరుసటేడు ఆయన గుర్రం దిగి కలం పట్టాడు. ఎందుకు పట్టాడయ్యా అంటే, ఇంట్లో తివాచీ అరిగిపోయింది, కారు డొక్కుదయింది, ఇద్దరు కొడుకుల్ని చదివించాలి. ఆయనే చెప్పుకున్న కారణమిది. వినగానే మన ఇంటి మనిషే అనిపించలేదూ? మొదటి నవల 1962లో వచ్చింది.

యుద్ధకాలంలో ఆయన విమానాలు నడిపిన మాట నిజమే. అయితే యుద్ధం వేరు, 1960ల నాటి టాక్సీ విమానాల సంగతి వేరు. అది తెలుసుకోవటానికి ఎవరో ఒకరు మళ్ళీ నేర్చుకోవాలి. నేర్చుకున్నది ఆయన కాదు, ఆయన భార్య మేరీ.

1945లో ఒక బంధువుల పెళ్ళిలో ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు, 1947లో పెళ్ళయింది. ఇంగ్లీషూ ఫ్రెంచీ చదివి పట్టా పుచ్చుకున్న మనిషి. 1949లో కడుపుతో వుండగా పోలియో వచ్చి, ఊపిరాడించే ఇనుపపెట్టెలో పడుకోవలసి వచ్చింది. బిడ్డా తల్లీ దక్కారు. అటువంటి మనిషి భర్తగారి నవలకు కావలసిన వివరాలకోసమని విమానం ఎక్కి, ఆ విద్య పూర్తిగా పట్టుబడేదాకా దిగలేదు. అంతటితో ఆగక, భార్యాభర్తలు టాక్సీ విమానాల వ్యాపారం పెట్టి జాకీలను పందేలకు తిప్పారు. 'రాట్ రేస్'లో మోపు లెక్కలూ, వాతావరణం కోసం పడిగాపులూ, డబ్బులిచ్చే పెద్దమనుషుల విసుగులూ ఎక్కణ్ణుంచి వచ్చాయో ఇప్పుడు తెలిసిందా? తరవాత మరొక నవలకి కావాలని ఫోటోలు తియ్యటం నేర్చుకుంది. ఇంకొకదానికి బొమ్మలు వెయ్యటం.

1999లో ఒక జీవితచరిత్ర వచ్చింది. గ్రాహం లార్డ్ రాశాడు. ఆ నవలల్ని రాసింది చాలావరకు మేరీయే అని ఆయన వాదన. మగవారి పందేలూ మగవారి దెబ్బలాటలూ వున్న పుస్తకాలమీద ఆడపేరు వుంటే జనం నమ్మరని ఆవిడే వద్దన్నదని కూడా రాశాడు. డిక్ ఒప్పుకోలేదు. తన చేత్తో నోటుపుస్తకాల్లో రాసేది తనేననీ, మేరీ వివరాలు సేకరించి, దిద్ది పెట్టేదనీ చెప్పాడు. ఇద్దరం కలిసి చేసే పని అని మాత్రం ఎప్పుడూ అంటూనే వుండేవాడు.

నాకేమనిపిస్తుందంటే, పప్పులో ఉప్పు ఎవరు వేశారన్నది యాభై ఏళ్ళు దాటిన కాపురంలో వాళ్ళకే తెలియకపోవచ్చు. కాని మబ్బులమీద ఒంటరిగా చిక్కుకున్న నాన్సీ చేతుల చెమట మాత్రం మేరీదే. ఆ విషయంలో నాతో వాదించకండి.

మన తెలుగులోనూ ఇలాంటి జంట వుంది. బీనాదేవి పేరుమీద వచ్చిన కథలూ నవలలూ భాగవతుల నరసింగరావు, త్రిపురసుందరి దంపతులవి. ఆయన న్యాయాధికారి. ఇక్కడ మొగుడూ పెళ్ళాలిద్దరూ ఆడపేరు కిందకి చేరారు, అక్కడ ఇద్దరూ మగపేరు కిందకి చేరారు. ఆ రోజుల్లో మన వారపత్రికల్లో ఆడవారి పేర్లకున్న గిరాకీ చూసి మగవారు ఆడపేర్లు పెట్టుకునేవారంటే, పాపం, మేరీ మన దేశంలో పుట్టివుంటే బాగుండునేమో!

మేరీ ఫ్రాన్సిస్ అని అట్టమీద అచ్చయిన పుస్తకం లేకపోలేదు. 1969లో వచ్చింది. కథ కాదు, చిన్న విమానం నడపటం కొత్తగా నేర్చుకునేవారికి పాఠాలు.

ఆవిడ 2000లో పోయింది. అంతవరకు ఏటా ఒకటి చొప్పున వస్తూ వచ్చిన నవలలు ఆగిపోయాయి. ఆరేళ్ళు ఏమీ లేదు. 2006లో మళ్ళీ ఒకటి వచ్చింది, మరుసటేటినుంచి చిన్నకొడుకు ఫెలిక్స్ తండ్రితో కలిసి రాశాడు. 2010లో తండ్రి పోయేదాకా ఆ పుస్తకాల అట్టలమీద ఇద్దరి పేర్లూ పక్కపక్కనే వేశారు.