కోత మిషన్‌ను తాడుతో కాదు, గొలుసులతో కట్టాలి

వరి కోతల కాలం వచ్చిందంటే కృష్ణా, గోదావరి డెల్టాల నుంచి నాగార్జునసాగర్ ఆయకట్టు దాకా చైన్ మిషన్లు, అంటే టైర్లకు బదులు పట్టాల మీద బురదలో నడిచే కోత యంత్రాలు, లారీలెక్కి ఊరూరా తిరుగుతాయి. టన్నుల బరువున్న ఆ యంత్రాన్ని లారీ మీద పట్టి ఉంచేది చాలాచోట్ల ఒక నైలాన్ తాడూ, పట్టాల కింద తోసిన రెండు చెక్కముక్కలే. మలుపులో యంత్రం జారి రోడ్డున పడినప్పుడు డ్రైవర్ వేగమే కారణమని తేల్చి, కట్టిన తాడు సంగతి అడగకుండా కేసు మూసేయడం ఇక సాగకూడదు.

తడి మడిలోంచి నేరుగా లారీ ఎక్కిన యంత్రపు పట్టాల సందుల్లో బంకమట్టి నిండి ఉంటుంది. ఆ మట్టి లారీ ఇనుప రేకు మీద సబ్బులా పరుచుకొని రబ్బరు పట్టాలకు పట్టు లేకుండా చేస్తుంది. నైలాన్ తాడు బరువు పడితే సాగుతుంది, ముడి వేసినచోట దాని బలం సగం దాకా తగ్గుతుంది, రేకు అంచుకు రాసుకుంటూ పోగు పోగుగా తెగుతుంది. పైగా యంత్రం మీదుగా అడ్డంగా వేసిన తాడు దాన్ని కిందికి అదుముతుందే తప్ప ముందుకు పోకుండా ఆపదు. గట్టిగా బ్రేకు పడినప్పుడు సరుకు తన బరువులో 80 శాతానికి సమానమైన బలంతో ముందుకు తోసుకొస్తుందన్న లెక్క మీదే ఐరోపా, అమెరికా ప్రమాణాలు నిలిచాయి. ఐదు టన్నుల యంత్రమైతే ఆ బలం నాలుగు టన్నులు, దానికి ఎదురుగా ఉండేది డ్రైవర్ వీపు.

అమెరికాలో 2004 నుంచి అమలవుతున్న నిబంధనల ప్రకారం 4,536 కిలోలు, ఆపైన బరువున్న యంత్రాన్ని కనీసం నాలుగు కట్లతో బిగించాలి. ఒక్కో కట్టు పనిభార పరిమితి, అంటే తెగిపోయే బరువు కాక భద్రంగా భరించగల బరువు, 2,268 కిలోలకు తగ్గకూడదు. మన మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ అధిక బరువుకూ, లారీ అంచు దాటి పొడుచుకొచ్చిన సరుకుకూ 20,000 రూపాయల చొప్పున జరిమానా వేస్తుంది గానీ, కట్టు బలం గురించి ఆ సెక్షన్‌లో ఒక్క అంకె లేదు.

గొలుసుల ఖర్చు భారమన్న యజమానుల మాట, గంటకింతని కిరాయి తెచ్చే లక్షల రూపాయల యంత్రం ముందు, చర్చకే నిలవదు. సీజన్ తొందరలో కట్టే తీరిక లేదన్న మాట అంతకన్నా తేలిక. అసలు అన్యాయం ఎక్కడుందంటే, కిరాయి యజమానికి, కేసు డ్రైవర్‌కు. పొద్దంతా కోత కోసి, రాత్రి యంత్రాన్ని లారీ ఎక్కించి, యజమాని ఇచ్చిన పాత తాడుతోనే కట్టి, అదే యంత్రం క్యాబిన్‌లో కునుకు తీస్తూ పక్క జిల్లాకు వెళ్లే ఆపరేటర్, అది బోల్తా పడితే మొదట ప్రాణం పోగొట్టుకొనేవాడు. కట్టడానికి సామాను ఇవ్వనివాణ్ణి వదిలి, ఉన్నదానితో కట్టినవాణ్ణి నిలదీయడం న్యాయం పేరుతో జరిగే దగా.

కాబట్టి యంత్రం అమ్మేటప్పుడే పనిభార పరిమితి ముద్ర ఉన్న నాలుగు గొలుసులూ, వాటిని బిగించే సామానూ ఇవ్వాలనీ, లారీ ఫిట్‌నెస్ పరీక్షలో నాలుగు మూలల కొక్కేలనూ పరీక్షించాలనీ, యంత్రం మీద మనిషి ప్రయాణిస్తే యజమానినే బాధ్యుణ్ణి చేయాలనీ రెండు తెలుగు రాష్ట్రాల రవాణా శాఖలు ఆదేశించాలి. ఆ ఆదేశం వచ్చేదాకా రైతులు ఆగనక్కర్లేదు: నాలుగు మూలలా గొలుసు లేకుండా వచ్చిన మిషన్‌ను తమ గట్టు దగ్గర దింపనివ్వకూడదు.